పర్వతాలు సారు మెట్రోలో సీటు పట్టిన వైనం

రెండో శనివారం పొద్దున ఐదున్నరకే, నల్గొండలోని తన ఇంటి ముందుగదిలో నిలబడి పర్వతాలు సారు ఆనాటి కార్యక్రమం ప్రకటించాడు. ఆరున్నర బస్సు ఎక్కాలి. తొమ్మిదికి ఎల్బీనగర్‌లో దిగాలి. అక్కణ్నుంచి మెట్రో. పన్నెండు కాకముందే యూనివర్సిటీలో కూతురు శైలజ ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి ఎమ్మెస్సీ అడ్మిషన్ ఖాయం చేసుకోవాలి. పన్నెండు దాటిందా, ఆ అడ్మిషన్ జాబితాలో తర్వాతి పేరుకు వెళ్లిపోతుంది. ఈ సంగతంతా శైలజ మూడు రోజుల కిందటే ఇంట్లో చెప్పింది. కానీ సారు నోటివెంట రానిదే ఆ ఇంట్లో ఏ సంగతీ సంగతి కాదు గనక, తల్లీకూతుళ్లు కొత్తగా వింటున్నట్టు విన్నారు.

"నేనొక్కదాన్నే పోయొస్త బాపు. రెండు నెలలు కోచింగ్‌కు ఆడనే ఉన్న గదా" అంది శైలజ.

"ఉన్నవు, ఉంటే? సిటీ అంటె ఏందనుకున్నవు? నువ్వు పుట్టకముందుకెల్లి తిరుగుతున్న నేను" అన్నాడు సారు. "ఇగో, ఇప్పుడే చెప్తున్న. ఇయ్యాల ఒక్క కాయితం జారిందనుకో, ఒక్క తాన పరేషానైందనుకో, హాస్టల్ లేదు, ఎమ్మెస్సీ లేదు. నల్గొండల్నే ఏదన్న చదువుకుందువు. సిటీల ఉండాల్నంటే జాగ్రత్త ఉండాలె, జాగ్రత్త."

ఆ జాగ్రత్త మూర్తీభవించిన మనిషి తానే కాబట్టి, శైలజ చేతిలోని సర్టిఫికెట్ల ఫైలు లాక్కుని తన రెగ్జిన్ బ్యాగులో పెట్టుకున్నాడు. ముగ్గురి ఆధార్ కార్డులూ అందులోనే వేశాడు. భార్య గుర్వమ్మ కట్టిన సద్ది డబ్బా కూడా అందులోకే వెళ్లింది. "ఫైలు పిల్లదగ్గరనే ఉండనియ్యరాదు?" అని గుర్వమ్మ అనబోయింది. "నువ్వు మాట్లాడకు" అన్నాడు సారు. పెళ్లయిన ఇరవై ఆరేళ్లుగా ఆ ఇంట్లో రోజుకు పది సార్లు వినిపించే మాట అది. గుర్వమ్మ కొంగు సర్దుకుని ఊరుకుంది.

పర్వతాలు సారు ఒక సర్కారు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. ఏ ఆఫీసో చెప్పను. అక్కడ పనిచేసేవాళ్లు కూడా కొందరున్నారు, వాళ్ల పరువు తీయడం దేనికి! ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో సారు సంపాదించుకున్న కీర్తి ఒక్కటే: ఆయన టేబుల్ మీద జిరాక్సు చెల్లదు. నిన్నటికి నిన్న, శుక్రవారం సాయంత్రం, నకిరేకల్ నుంచి బెంజమిన్ అనే పెద్దాయన ఏడోసారి వచ్చాడు. ఇంటి జాగా పట్టా వానకు తడిసి ముద్దయిపోయింది, ఆఫీసు రికార్డులోంచి నకలు తీసి ఇప్పించమని ఆయన అర్జీ. చేతిలో ఎప్పటిదో ఒక జిరాక్సు మాత్రం ఉంది.

"నకలు కావాల్నంటే అసలు తేవాలె" అన్నాడు సారు.

"అసలు లేకనే గద సారూ, నకలు అడిగేది."

"అసలే లేకుంటే దేన్ని చూసి నకలు ఇయ్యాలయ్యా? బుధవారం రా."

"బుధవారం వస్తే ఇస్తరా సారూ?"

"బుధవారం వస్తే చెప్త."

పెద్దాయన చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. రికార్డు సారు వెనక బీరువాలోనే ఉంది. చేయి చాపితే అందుతుంది. చేయి చాపడం మాత్రం సారు ఉద్యోగంలో లేదు. ఆయన టీ తెప్పించుకుని తాగాడు.

సారుకున్న రెండో విద్య బస్సులో సీటు పట్టడం. బస్సు ఇంకా బస్టాండ్‌లోకి తిరుగుతుండగానే పక్కన పరుగెత్తి, కిటికీలోంచి తువ్వాల విసిరి సీటు మీద పడేస్తాడు. తువ్వాల పడ్డ సీటు ఇక ఆ తువ్వాలదే. ఈ చట్టం ఏ పుస్తకంలోనూ లేకపోయినా జిల్లాలో దాన్ని కాదన్నవాడు లేడు. ఆ తర్వాత సారు తీరుబడిగా వెనక్కి తిరిగి, పెళ్లాం పిల్లలను కేకేసి, అందరికన్నా చివర దర్జాగా ఎక్కుతాడు. ఆ పొద్దున కూడా ఒక సీటు మీద తువ్వాల, ఒకదాని మీద జేబులోని దస్తీ, ఇంకోదాని మీద గుర్వమ్మ తాగుదామని తెచ్చుకున్న నీళ్ల సీసా విసిరాడు. బస్సులో సగం సీట్లు ఖాళీగానే ఉన్నాయి. అది వేరే సంగతి.

ఎల్బీనగర్ మెట్రో స్టేషన్‌లో బ్యాగును తనిఖీ యంత్రంలో పెట్టమంటే, సర్కారు ఉద్యోగి బ్యాగును తనిఖీ చేయడమేమిటని సారు ఐదు నిమిషాలు తగువు పెట్టుకున్నాడు. వెనకనున్న ముప్పై మంది తొందరపెడితే గానీ పెట్టలేదు. శైలజ తన ఫోన్‌లోనే టికెట్ తీసుకుంది.

"కాయితం లేదు, బిళ్ల లేదు, గదేం టికెట్?" అని సారు ఈసడించాడు. తనకూ గుర్వమ్మకూ రెండు టోకెన్లు కొని, లోపలికి వెళ్లగానే గుర్వమ్మ చేతిలోది కూడా తీసుకుని బ్యాగు పక్క జేబులో వేసి జిప్పు లాగాడు. ఆడవాళ్లు పోగొడతారట.

ఎల్బీనగర్‌లో రైలు అప్పుడే వచ్చి తలుపులు తెరుచుకుని నిలబడి ఉంది. అక్కడే మొదలయ్యే రైలు కాబట్టి కాసేపు ఆగుతుంది. సారు గుమ్మం దగ్గర్నుంచే తువ్వాల విసిరాడు. పొడుగాటి స్టీలు బెంచీ మీద అది నిండుగా పరుచుకుంది. లోపలున్న ఇద్దరు ఆడపిల్లలు ముఖాలు చూసుకుని కిసుక్కుమన్నారు. సారు వాళ్లకు తన నేర్పరితనం నచ్చిందనుకున్నాడు. ఆ క్షణాన ఎవరైనా గట్టిగా తిట్టి ఉంటే తర్వాతి కథంతా తప్పిపోయేది. పట్నం జనానికి అంత ఓపిక లేదు.

మారాల్సిన స్టేషన్ రెండు లైన్లు ఒకదాని మీదుగా ఒకటి దాటే పెద్ద జంక్షన్. కింద ఒక లైను, పైన ఒక లైను. మధ్యలో మెట్లు, ఎస్కలేటర్లు, బాణం గుర్తులు, ఆ బాణాలను ఎవరూ చూడనంత జనం. చుట్టూ యూనివర్సిటీ, నాలుగు కాలేజీలు, లెక్కలేనన్ని కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. అందుకని ఆ స్టేషన్‌లో పొద్దున పది గంటలకు ముప్పై దాటిన మనిషి కనిపిస్తే వింతే. పిల్లలు బ్యాగులు వీపుకు కాకుండా కడుపుకు తగిలించుకుని, ఒక చేత్తో ఇడ్లీ తింటూ, ఇంకో చేత్తో ఫోన్‌లో చదువుకుంటూ, ఎవరినీ తగలకుండా చేపల్లా జారిపోతున్నారు.

"గీ పోరగాండ్లకు ఇండ్లు లేవా? సంత లెక్క తిరుగుతున్నరు" అన్నాడు సారు.

"వీళ్లందరు చదువుకోనీకె వచ్చినోల్లే బాపు" అంది శైలజ. "ఇగో ఇను. యూనివర్సిటీ గేటు ఈడికి ఒక్కటే స్టేషన్. రెండు నిమిషాలల్ల పోతం. నడిచినా పది నిమిషాలే. జనం మస్తున్నరు, నిలవడిపోదాం."

"నిలవడాల్నా?" సారుకు రోషం వచ్చింది. "నీ వయసప్పటి నుంచి నేను నిలవడి ప్రయాణం చెయ్యలె. ఇయ్యాల జేస్తనా? మీరిద్దరు గీ స్తంభం కాడ ఉండుండ్రి. నేను పిలిస్తే రాండ్రి."

రైలు వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. దిగే పిల్లలు దిగుతున్నారు, ఎక్కే పిల్లలు ఎక్కుతున్నారు. వాళ్ల తలల మీదుగా సారు కంటికి మూలన ఒక ఖాళీ సీటు కనిపించింది. తువ్వాల విసిరాడు. అది గాలిలోనే విచ్చుకుని, దిగుతున్న ఒక విద్యార్థి నెత్తిన ముసుగులా పడింది. ఆ పిల్లవాడు దాన్ని తీసి, నాలుగు మడతలు పెట్టి, "అంకుల్, మీదే" అని చేతికిచ్చి వెళ్లిపోయాడు. తువ్వాలకు బరువు చాలలేదని సారుకు అర్థమైంది. బరువున్నది కావాలి. చేతిలో బ్యాగు ఉంది.

ఇరవై ఎనిమిదేళ్ల అనుభవం ఊరికే పోదు. బ్యాగు నలుగురి తలల మీదుగా వెళ్లి, సరిగ్గా ఆ ఖాళీ సీటు మధ్యలో పడింది. సారు ఛాతీ ఉబ్బింది. అలవాటు ప్రకారం తీరుబడిగా వెనక్కి తిరిగి, స్తంభం దగ్గరున్న ఇద్దరికీ చేయి ఊపాడు.

"రాండ్రి, రాండ్రి! సీటు దొరికింది!"

వెనక తలుపులు మూసుకున్నాయి.

నల్గొండ బస్సయితే ఏం చేస్తాం? పక్కన రెండు దెబ్బలు వేస్తాం, డ్రైవర్ తిట్టుకుంటూ ఆపుతాడు. సారు అదే చేశాడు. పసుపు గీత దాటి వెళ్లి, కదులుతున్న మెట్రో రైలు ఒంటి మీద అరచేత్తో దబదబా బాదాడు.

"ఏయ్ డ్రైవర్! ఆపు! ఆపు! లేడీస్ ఉన్నరు!"

ఈల వేసుకుంటూ ఒక సెక్యూరిటీ గార్డు పరుగెత్తుకొచ్చి ఆయన్ను నడుం పట్టుకుని వెనక్కి గుంజాడు. రైలు వెళ్లిపోయింది. సర్టిఫికెట్లు, ఆధార్లు, టోకెన్లు, సద్ది డబ్బా దానితో వెళ్లిపోయాయి. ప్లాట్‌ఫారం మీద నలభై మంది పిల్లలు నలభై ఫోన్లు పైకెత్తారు. శైలజ ముఖం పాలిపోయింది. గోడ మీద గడియారంలో పదీ పది.

"నా సర్టిఫికెట్లు బాపు..." అంది.

"నువ్వు మాట్లాడకు. నేనున్న గదా" అన్నాడు సారు.

గార్డు ముగ్గురినీ స్టేషన్ ఇన్‌చార్జి గదికి తీసుకుపోయాడు. ఇన్‌చార్జి ముప్పై కూడా నిండని అమ్మాయి. చొక్కా మీద మెర్సీ అని పేరు రాసి ఉంది. విషయం విని వెంటనే తర్వాతి స్టేషన్‌కు ఫోన్ చేసింది. రైలులో వెతికించింది. ఐదు నిమిషాల్లో జవాబు వచ్చింది. ఆ పెట్టెలో బ్యాగు లేదు.

"చూసిన్రా? దొంగతనం!" సారు టేబుల్ మీద చరిచాడు. "నేనెవరో తెలుసా మీకు? నల్గొండల సీనియర్ అసిస్టెంట్ను. పర్వతాలు అంటరు నన్ను."

మెర్సీ చేతిలో పెన్ను ఆగింది. తల ఎత్తి ఆయన్ను పాదాల నుంచి నెత్తి దాకా చూసింది.

"రికార్డుల సెక్షన్ పర్వతాలు సారు మీరేనా?"

"ఆఁ, నేనే." సారు తువ్వాల భుజం మీదికి ఎగదోసుకున్నాడు. తన పేరు హైదరాబాద్ దాకా పాకిందని అప్పటిదాకా ఆయనకే తెలియదు.

"మీ గురించి మా ఇంట్ల రోజు అనుకుంటం సార్. కూసోండ్రి" అంది మెర్సీ చాలా మర్యాదగా. "ఫిర్యాదు రాసియ్యిండ్రి. బ్యాగుల ఏమేమున్నయో అంతా రాయిండ్రి."

అప్పుడే శైలజ ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఎత్తి రెండు మాటలు వినగానే ఆ పిల్ల ముఖంలోకి నెత్తురు తిరిగి వచ్చింది. "బాపు! బ్యాగు..." అంది.

"ఈడ కొంపలంటుకుంటే నీకు దోస్తులతోని ముచ్చట్లు గావాల్నా? బయటికి పో! పెద్దోల్లు మాట్లాడుతున్నరు."

"గది కాదు బాపు, ఆ బ్యాగు..."

"నోరు మూసుకోమన్ననా లేదా?"

శైలజ బయటికి వెళ్లింది. గుర్వమ్మ కూడా వెళ్లి రెండు నిమిషాల్లో ఒక్కతే తిరిగొచ్చి, గోడ పక్కన కుర్చీలో కుదురుగా కూర్చుంది. "ఏమయ్యా, జర ఇను" అంది. "నువ్వు మాట్లాడకు" అన్నాడు సారు. ఆయన తెల్లకాగితం ముందు పెట్టుకుని, మార్జిన్ మడిచి, ఫిర్యాదు రాసే పనిలో మునిగి ఉన్నాడు. ఆ ఆనందంలో ఉన్నవాణ్ని కదిలించడం ఎవరి తరమూ కాదు.

సర్టిఫికెట్లూ సద్ది డబ్బా అని రాస్తే ఎవరు లెక్కచేస్తారు? కాబట్టి "అత్యంత విలువైన, రహస్యమైన ప్రభుత్వ దస్తావేజులు" అని రాశాడు. కింద రెండు గీతలు కొట్టాడు. మెర్సీ చదివి, ఒక్క క్షణం ఆలోచించి, ఇది తన స్థాయిలో తేలే విషయం కాదని పోలీసు ఔట్‌పోస్టుకు కబురు చేసింది.

ఎస్సై వచ్చాడు. ముందు కెమెరాలో పడిన దృశ్యం తెప్పించి చూశాడు. అందులో తువ్వాల మెడలో వేసుకున్న ఒక మనిషి కిక్కిరిసిన రైలులోకి గురిచూసి బ్యాగు విసిరి, వెనక్కి తిరిగి ఎవరికో చేత్తో సైగ చేసి, ఆ తర్వాత రైలును కొడుతున్నాడు. ఎస్సై దాన్ని రెండుసార్లు చూసి, ఫిర్యాదు చదివి, సారు ముందు కుర్చీ లాక్కున్నాడు.

"దొంగతనమెక్కడిది సార్? మీరే విసిరి కొట్టిన్రు గదా."

"విసిరి కొట్టలే సార్, సీటు పట్టిన."

"ప్రభుత్వ రహస్య కాయితాలతోని సీటు పట్టిన్రా?"

సారు ఫిర్యాదు కాగితం వెనక్కి తీసుకోబోయాడు.

"ఆ కాయితాలు ఆఫీసు బయటికెందుకు తెచ్చిన్రు? ఎవరి పర్మిషన్ ఉంది? ఆ చేత్తోని సైగ ఎవరికి చేసిన్రు?" ఎస్సై ఒక్కొక్కటే అడుగుతున్నాడు. "మీ ఆఫీసర్ ఫోన్ నంబర్ చెప్పుండ్రి. అడుగుదాం."

ఆఫీసర్ పేరెత్తగానే సారు దారికొచ్చాడు. అవి ప్రభుత్వ కాగితాలు కావు, పిల్ల సర్టిఫికెట్లని చెప్పాడు. మరి అట్లా ఎందుకు రాశారంటే, భాష గంభీరంగా ఉండాలని రాశానన్నాడు. తప్పుడు ఫిర్యాదు ఇవ్వడం కూడా నేరమేనని ఎస్సై గుర్తుచేశాడు. సైగ చేసింది పెళ్లానికీ కూతురికీ అని సారు మొత్తుకున్నాడు.

"ఏదీ కూతురు?"

సారు చుట్టూ చూశాడు. శైలజ లేదు. బయట తొంగిచూశాడు. ఎటు చూసినా శైలజ ఈడు పిల్లలే, శైలజ లేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. గడియారంలో పదకొండుంబావు. సారుకు భయం పుట్టింది. ఇది మాత్రం నిజమైన భయమే, అందులో నటన లేదు.

"నా బిడ్డ! సార్, నా బిడ్డ కనిపిస్తలేదు! ఇందాక ఎవడో ఫోన్ చేసిండు. గా బ్యాగు దొంగే బిడ్డను గూడ ఎత్తుకపోయిండు!"

స్టేషన్‌లో కలకలం రేగింది. మెర్సీ మైకు అందుకుంది. నల్గొండ నుంచి వచ్చిన శైలజ ఎక్కడున్నా ఇన్‌చార్జి గదికి రావాలని కింది లైనులో, పై లైనులో, మెట్ల మీద వినిపించింది. ఆ జంక్షన్‌లో ఆ వేళప్పుడు ఎంతమంది శైలజలు తిరుగుతుంటారో ఎవరూ ఆలోచించలేదు. పది నిమిషాల్లో ముగ్గురు వచ్చారు. ఒకరిది హాలియా, ఒకరిది భువనగిరి, మూడో పిల్లది వరంగల్ అయినా ఏదైనా ఉద్యోగం పిలుపేమోనని వచ్చిందట. సారు ముగ్గురినీ చూసి నెత్తి బాదుకున్నాడు.

ఎస్సైకి ఏం తోచిందో, గోడ పక్కన ఫోన్ ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చున్న గుర్వమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా, నీకేమన్న తెలుసా?"

పొద్దుటి నుంచీ ఆమెను ఎవరైనా ఒక మాట అడగడం అదే మొదలు.

"తెలుసు బిడ్డా" అంది గుర్వమ్మ. "పిల్ల యూనివర్సిటీకి పోయింది. బ్యాగు వొయ్యి నరేశ్ అనే పిలగాని పక్క సీట్ల పడ్డదట. గా పిలగాడు దిగి, ఫైలు మీద నంబరు జూసి పిల్లకు ఫోన్ జేసిండు. గేటు కాడ నిలవడి బ్యాగు అప్పజెప్పిండు. సర్టిఫికెట్లు జూసుడు గూడ అయిపోయిందట, అడ్మిషన్ ఇచ్చిన్రట. గిప్పుడే ఫోన్ల చెప్పింది."

ముగ్గురు శైలజలు చప్పట్లు కొట్టారు.

"మరి ముందుగాల ఎందుకు చెప్పలేదే?" సారు గొంతు కీచుమంది.

"మాట్లాడకుమన్నవు గదా" అంది గుర్వమ్మ.

ఎస్సై లేచి, టోపీ పెట్టుకుని, ఇక ఇది మీ స్టేషన్ వ్యవహారమని మెర్సీకి అప్పగించి వెళ్లిపోయాడు. పోతూ పోతూ సారు రాసిన ఫిర్యాదును మడిచి జేబులో పెట్టుకున్నాడు. సాయంత్రం ఇంట్లో చదివి వినిపిస్తాడు కాబోలు.

"ఇగ మేం పోతం" అన్నాడు సారు పైకి లేస్తూ.

"పోవచ్చు సార్. టోకెన్లు చూపించుండ్రి" అంది మెర్సీ.

"బ్యాగుల ఉన్నయి."

"అయితే పసుపు గీత దాటినందుకు, రైలు కొట్టినందుకు, టోకెన్ లేనందుకు జుర్మానా పడ్తది. గీ ఫారం నింపాలె. మీ గుర్తింపు కార్డు?"

"బ్యాగుల ఉన్నది."

"కార్డు లేకుంటే మీరెవరో మేమెట్ల నమ్ముతం సార్?"

సారు చొక్కా జేబులో వెతికాడు. ఒక మడత కాగితం దొరికింది. ఆధార్ జిరాక్సు. దాని మీద ఆయనే ఆకుపచ్చ సిరాతో ధ్రువీకరించుకుని పెట్టిన సంతకం ఉంది. బతుకుజీవుడా అనుకుంటూ దాన్ని టేబుల్ మీద పెట్టాడు. మెర్సీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నెమ్మదిగా వెనక్కి నెట్టింది.

"జిరాక్సు చెల్లదు సార్. అసలు తేవాలె."

"అసలు బ్యాగులున్నది తల్లీ. బ్యాగు రావాలంటే నేను పోవాలె గదా."

"పోవాలంటే అసలు చూపియ్యాలె సార్."

"అసలు లేకనే గదమ్మా జిరాక్సు ఇస్తున్నది!"

ఆ మాట నోట్లోంచి వచ్చాక సారుకు అది ఎక్కడో విన్నట్టనిపించింది. ఎక్కడ విన్నాడో గుర్తు రావడానికి కొంత సేపు పట్టింది. ఆయన మెర్సీ ముఖంలోకి చూశాడు. ఆ పొడుగాటి ముఖం, ఆ కనుబొమలు శుక్రవారం సాయంత్రం తన టేబుల్ ముందు నిలబడ్డవే.

"మీది... ఏ ఊరమ్మా?"

"నకిరేకల్ సార్. బెంజమిన్ బిడ్డను."

సారు కుర్చీలో కూలబడ్డాడు. మెర్సీ ముఖంలో కోపం లేదు, నవ్వూ లేదు. ఆయనకు ఒక గ్లాసు నీళ్లు పోసి ఇచ్చింది. తన బాపు ఏడు మార్లు నకిరేకల్ నుంచి బస్సెక్కి వచ్చినా ఎవరూ నీళ్లు ఇవ్వలేదని మాత్రం అంది. సారు ఆ నీళ్లు తాగలేకపోయాడు, గ్లాసు కింద పెట్టలేకపోయాడు.

పన్నెండుంబావుకు శైలజ వచ్చింది. ఒక చేతిలో రెగ్జిన్ బ్యాగు, ఇంకో చేతిలో అడ్మిషన్ కాగితం. సద్ది డబ్బా నరేశ్‌కు ఇచ్చానని, పొద్దున ఏమీ తినలేదన్నాడని తల్లికి చెప్పింది. తర్వాత బ్యాగు జిప్పు తీసి అసలు ఆధార్లు ఒక్కొక్కటే టేబుల్ మీద పరిచింది. టోకెన్లు తీసింది. జరిమానా తన ఫోన్‌లోంచే కట్టింది. మెర్సీ ఫారం నింపుతూ ఆగి, నియమం ప్రకారం ఈ మనిషికి బాధ్యత వహించేవాళ్లు ఒకరు సంతకం పెట్టాలంది.

"నేను పెడ్త" అంది శైలజ.

పొద్దున కూతురిని సిటీలో జాగ్రత్తగా తిప్పి తీసుకురావడానికి బయలుదేరిన పర్వతాలు సారును, మధ్యాహ్నం పన్నెండున్నరకు కూతురు సంతకం పెట్టి విడిపించుకుంది. సంబంధం అన్న గడిలో ఆ పిల్ల "తండ్రి" అని స్పష్టంగా రాసింది. జాగ్రత్తగా చూసుకోమని మెర్సీ చెప్పింది. శైలజ సరేనంది.

గుమ్మం దాకా వచ్చి మెర్సీ అంది: "సార్, మా బాపు సోమవారం వస్తడు. బుధవారం కాదు."

సారు తలూపాడు. ఎందుకైనా మంచిదని మళ్లీ ఊపాడు.

తిరుగు ప్రయాణంలో మధ్యాహ్నపు రైలు ఖాళీగా ఉంది. బెంచీలు బెంచీలే ఖాళీ. తల్లీకూతుళ్లు కిటికీ పక్కన కూర్చున్నారు. సారు తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని ఎల్బీనగర్ దాకా నిలబడే వచ్చాడు. బ్యాగు శైలజ ఒళ్లో ఉంది, అడగడానికి ఆయనకు ధైర్యం చాలలేదు.

"ఏమయ్యా, పిల్ల హాస్టల్ సంగతి ఏం జేద్దాం?" అని గుర్వమ్మ కాస్త గట్టిగానే అడిగింది. సారు నోరు తెరిచాడు. కూతురు వంక చూశాడు. ఆ పిల్ల బ్యాగు ఒళ్లో సర్దుకుని ఆయన్నే చూసింది. "ఉండనీ. ఆమె ఇష్టం" అన్నాడు సారు. గుర్వమ్మకు ఆ మాట ఎంత బాగా వినిపించిందంటే, చెవిటిదానిలా ఇంకోసారి అనిపించుకుంది.

సోమవారం పదింటికి బెంజమిన్ ఆఫీసుకు వచ్చాడు. పర్వతాలు సారు లేచి నిలబడి కుర్చీ వేశాడు. మంచినీళ్లు తెప్పించాడు. చేయి వెనక్కి చాపి బీరువాలోంచి రికార్డు తీశాడు. పదింబావుకల్లా నకలు తయారై, ముద్ర పడి, పెద్దాయన చేతిలో ఉంది. ఏడు మార్లు తిరిగినా కాని పని పావుగంటలో అయ్యేసరికి పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు. సెక్షన్‌లో మిగతావాళ్లు సారుకు ఒంట్లో బాగాలేదేమోనని గుసగుసలాడుకున్నారు. ఇదంతా చూసి, వరుసలో వెనకనున్న హాలియా బిక్షమ్మకు ఎక్కడలేని ఆశ పుట్టింది. గబగబా ముందుకొచ్చి, కొంగు ముడి విప్పి, తన జిరాక్సు కాగితం టేబుల్ మీద పెట్టింది.

సారు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కళ్లద్దాలు సవరించుకుని, "ఒరిజినల్ ఏదమ్మా? బుధవారం రా" అన్నాడు.